ఒక్క తరం రంగు

హలో… ఆ, నేనే. హెస్టర్నే మాట్లాడుతున్నా.

… ఎవరూ? … కాస్త గట్టిగా చెప్పు నాయనా, ఈ గాలికి తీగెలు ఊగుతున్నట్టున్నాయి, సగం మాటలు అక్కడే రాలిపోతున్నాయి…

… సిరిలా? మా మరిది సిరిలేనా? అబ్బో! ఇవాళ ఎటు పొడిచాడయ్యా సూర్యుడు?

… నిష్ఠూరం కాదులే. అక్టోబరులో మీ అన్నని పాతిపెట్టాం. మర్నాడే నువ్వు లారీ వేసుకొచ్చి కోళ్ళన్నీ ఎక్కించుకుపోయావు. అదే నీ గొంతు వినడం ఆఖరు. ఆరు నెలలు… పోల్చుకోలేకపోయాను, అంతే.

… బాగానే ఉన్నా. మోకాళ్ళ నొప్పులు. … ఆ, చర్చికి వెళ్తూనే ఉన్నా. బెంచీ అంతా నాదే. కాళ్ళు చాపుకుని కూర్చుంటున్నా, హాయిగా ఉంది.

… ఎందుకా? తెలియనట్టు అడుగుతావేం? కోళ్ళ లెక్కల పుస్తకాల్లో దొంగ రాతలు రాసినదాని పక్కన ఎవరు కూర్చుంటారు? కోళ్ళ సంఘం వాళ్ళు వాళ్ళ పత్రికలో నా పేరు అచ్చువేశారు కదా. శ్రీమతి హెస్టర్ మావర్. ఇంటిపేరుతో సహా…

… సరే, వదిలేద్దాం. నేనే వదిలేస్తున్నా. మీ ఆవిడ ముర్యెల్ ఎలా ఉంది? … నడుం నొప్పా? పాపం. ఈ రోజుల్లోనే మరీ పని… ఇవాళ సోమవారం కదూ? కోడిపిల్లలు బయటికొచ్చే రోజు కదూ నీకు?

… నాకెలా తెలుసేమిటి? పంతొమ్మిదేళ్ళు చేశాను. సోమవారం పొదిగే మిషన్లో గుడ్లు పెడితే ఇరవై ఒకటో రోజున సోమవారమే పిల్లలు లేస్తాయి. ఎన్ని పెట్టావు? … రెండు వందలా! … లేచినవి? … నూట అరవై. మీ అన్న ఏనాడూ ఒక్క రోజులో అన్ని చూడలేదయ్యా.

రంగులు? … సగం పసుపు, సగం గోధుమ. … అంతేగా మరి. పసుపువి పుంజులు, గోధుమవి పెట్టలు. గుడ్డు పగిలిన గంటకే తెలిసిపోతుంది, ఒంటి మీది నూగు చూస్తే చాలు. ఆ జాతిని నిలబెట్టడానికే కదా మీ అన్న బతుకంతా ఆ షెడ్డులో కూర్చున్నాడు.

… మరి అంత నీరసంగా చెప్తావేం? … ఏదో ఉంది. చెప్పు. వదిన దగ్గర దాపరికమా?

… ఫిబ్రవరి పిల్లలు… ఆ, నీ మొదటి విడత. గోధుమవన్నీ ఏరి, పెట్టలని చెప్పి అమ్మావు. … ఎవరికి? … స్పాల్డింగ్ వైపు, పూలతోటల వాళ్ళకి. … వాటికిప్పుడు పది వారాలు. … ఊఁ, ఏమంటారు వాళ్ళు?

… ఏమిటీ? మళ్ళీ చెప్పు.

… కూశాయా!

… నవ్వలేదయ్యా, దగ్గొచ్చింది. … పెట్టలు కూశాయంటావు. ఎన్ని? … ఎవరి దొడ్లో చూసినా సగానికి సగం! … తల మీద ఎర్ర జుట్టు లేచిందా? తోకలో వంకీ ఈకలు కూడానా? … ఏమో సిరిల్, ఆడవాళ్ళలో మాత్రం గొంతు పెద్దవాళ్ళుండరూ? మీ అత్తగారు లేదూ?

… కోప్పడకు. సరదాకన్నాను.

… మీ అన్నకి ఎప్పుడైనా ఇలా అయిందా అంటావా? లేదు. పంతొమ్మిదేళ్ళలో ముప్పై వేల పిల్లలు లేచాయి. రంగు ఒకటై, తీరా పెరిగాక ఇంకొకటి తేలినవి నలభై ఒకటి. ఒక్కొక్కదానికీ నా పుస్తకంలో ఎర్ర గీత ఉంది… అయ్యో, మరిచేపోయా. ఆ పుస్తకాలు దొంగవి కదూ!

… సరే సరే. ఏం చెయ్యమంటావు నన్ను? … రేపా? రేపు ఎవరొస్తున్నారు? … లండన్ నుంచి కొనేవాళ్ళా! … దేశమంతటికీ నీ పిల్లలే కొంటారా? ఒక్క నీ దగ్గరే? … అమ్మో, పెద్దవాడివైపోయావు సిరిల్. … వాళ్ళ వెంట ఇంకెవరు? … ఓ, పిల్ల వెనక నొక్కి చూసి ఆడో మగో చెప్పే మనిషి. … జపాను వాళ్ళ దగ్గర నేర్చుకున్నవాడా? అయితే వాడి వేళ్ళు అబద్ధం చెప్పవు. … నీ గోధుమ పిల్లల్ని ఒక్కొక్కటే నొక్కి చూస్తాడన్నమాట. నీ రంగు నిజమో, వాడి వేలు నిజమో.

… తప్పితే పోతారు, అంతేగా? నీ పాత మంద ఉందిగా. మీ నాన్న కాలం నుంచీ…

… కోసేశావా? అన్నీనా? … చోటు కోసమా! … అంటే ఇప్పుడు నీ దొడ్లో ఈ ఒక్క జాతే. ఇది పోతే నీకు ఈకముక్క కూడా లేదు.

… కంగారుపడకు. నేనున్నాగా. ఉండు, కుర్చీ లాక్కోనీ… ఆ. ఇప్పుడు చెప్పు. మిషన్లో వేడి సరిగ్గా ఉందా? … ఊఁ. … తడి? … ఊఁ. రోజుకెన్నిసార్లు గుడ్లు తిప్పావు? … మూడు. బాగుంది. … పుంజుకి ఎన్ని పెట్టలు వదిలావు? … ఊఁ… ఏమిటా చప్పుడు? నీ వెనకాల?

… నీళ్ళ చప్పుడు. … ఓ, పీపానా! పసుపువాటిని పీపాలో వేస్తున్నారు. ముర్యెలేనా? నడుం నొప్పితోనా? … కష్టజీవి, మా తోడికోడలు. … ఎన్ని బుట్టలయ్యాయి? … మూడు. ఇంకా? … ఒకటి.

… కానివ్వు, కానివ్వు. పుంజు గుడ్డు పెట్టదు, మేత దండగ. ఆ పని ఆపకు.

… ఆలోచిస్తున్నాగా! నా తల నీ తలంత చురుకైంది కాదు, టైము పడుతుంది. … ఈ ఏడు మా వాకిట్లో ఎర్ర తులిప్పులు ముందు పూశాయి, తెలుసా? పసుపువి ఇంకా మొగ్గలే. రోజూ వాటిని చూస్తూ అనుకుంటా, రంగుని బట్టి… వింటున్నావా? … విసుక్కోకు. చెప్తాను. … నాలుగో బుట్ట అయిందేమో కనుక్కో ముందు. … నేనెక్కడికీ పోను, లైన్లోనే ఉంటా. కనుక్కో.

… అయిపోయిందా. మంచిది.

సిరిల్, కూర్చో. … నిలబడే వింటావా? నీ ఇష్టం.

ఆ పీపాలో వేసినవాటిలో సగం పెట్టలు.

… సగం. మంచి పెట్టలు. గుడ్లు పెట్టే పెట్టలు. … మరి నువ్వు దాచిన గోధుమవాటిలో సగం పుంజులు. రేపు నొక్కి చూసేవాడు రాగానే—

… ఎక్కడికి పరిగెడుతున్నావు? … సిరిల్? … సిరిల్?

…

… వచ్చావా. ముర్యెల్ ఏడుస్తోందేమిటి? ఇక్కడిదాకా వినిపిస్తోంది. … ఏమైనా దక్కాయా? … పదకొండు. పొయ్యి దగ్గర ఆరబెట్టు.

… ముందే ఎందుకు చెప్పలేదా? నువ్వు కూతల సంగతి అడిగావు. పీపా సంగతి అడగలేదు.

… అరిస్తే ఫోన్ పెట్టేస్తా. … ఆ. అలా నెమ్మదిగా.

చెప్తాను, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్తాను, విను. ఎర్ర పుంజునీ తెల్ల పెట్టల్నీ కలిపితే పుట్టిన పిల్లలు ఎలా ఉంటాయి? … ఆ. పసుపువి పుంజులు, గోధుమవి పెట్టలు. అచ్చం మీ అన్న జాతిలాగే. ఏ రైతు దొడ్లోనైనా చేసుకోవచ్చు. కానీ ఆ సంకరం రంగు ఒక్క తరమే నిజం చెబుతుంది. ఆ పిల్లలు పెరిగి, వాటికే పిల్లలు పుడితే? … సగం పసుపు, సగం గోధుమ. చూడ్డానికి మళ్ళీ అదే. కానీ ఆ రంగుకీ ఆడకీ మగకీ ఏ సంబంధం లేదు. పసుపులో సగం పెట్టలు, గోధుమలో సగం పుంజులు. కూసేదాకా ఎవడికీ తెలీదు.

మీ అన్న జాతికైతే ఎన్ని తరాలైనా రంగు తప్పదు. అందుకే దానికంత విలువ.

… అవును. నువ్వు తీసుకెళ్ళింది సంకరాన్ని.

… నీలం రింగులా? ఉన్నాయి కదా, కాళ్ళకి నీలం రింగులు చూసే కదా ఎక్కించావు. మీ అన్న తన జాతికి నీలం రింగులే వేసేవాడు, నిజమే. పక్క షెడ్డులో సంకరాన్ని పెంచేవాడు, పోల్చి చూసుకోడానికి. వాటికి రింగుల్లేవు. … అంత్యక్రియల రోజు పొద్దున మీరంతా ముందు గదిలో శవపెట్టె చుట్టూ టోపీలు పట్టుకుని నిలబడ్డారు గుర్తుందా? వదిన ఏదీ అని నువ్వు అడిగావట. దుఃఖం ఆపుకోలేక లోపలికెళ్ళిందని ఎవరో అన్నారట. … షెడ్డులో ఉన్నా. నల్ల గౌను మీద గోనెపట్టా కట్టుకుని, పటకారుతో రింగులు విప్పి వాటివి వీటికి, వీటివి వాటికి… కాదు, వీటికి లేవుగా. అసలువాటివి సంకరానికి. అంతే.

… నువ్వు పోల్చుకోవాల్సింది. పోల్చుకోలేదు. ఉంగరం చూసి పెళ్ళికూతుర్ని గుర్తుపట్టే రకం నువ్వు. ఒక్క రోజు ఆ షెడ్డులో పేడ ఎత్తి ఉంటే, కళ్ళు మూసుకుని తడిమి చెప్పేవాడివి.

… అసలువా? అసలు జాతి ఎక్కడికీ పోలేదు. మా గేటు దాటలేదు. వెనక షెడ్డులో ఉంచాను. మూడు పుంజులు, ఇరవై అయిదు పెట్టలు.

… ఏడవకు. మగాడివి. … అన్నీ ఇమ్మంటావా? రేపటిలోగానా? … ఓ, వచ్చినవాళ్ళకి చూపించి, పిల్లలు తర్వాత లేపుతానని చెప్తావు. బుర్ర ఉందయ్యా నీకు.

… ఏం కావాలా నాకు? … డబ్బు సంగతి ఎత్తకు. కాగితం తెచ్చుకో. కలం. … ముర్యెల్‌ని కూడా పిలువు, సాక్షి సంతకానికి. … ఆ, ఏడుపు ఆపి రమ్మను.

కోళ్ళ సంఘం కార్యదర్శి గారికి. … రాశావా? … 'గత జూలైలో జరిగిన విచారణలో మా వదిన హెస్టర్ మావర్, పంతొమ్మిదేళ్ళ పుస్తకాలు ఒక్క వారంలో కూర్చుని రాసిందని, నా కళ్ళతో చూశానని నేను చెప్పాను.' … రాయి. 'అది అబద్ధం.'

… 'పొరపాటు' కాదు. నువ్వు 'పొరపాటు' అని రాస్తున్నావు, నాకు తెలుసు. కొట్టెయ్. 'అబద్ధం.' … చదువు. … ఆ.

'పుస్తకాలన్నీ ఒకే చేతివ్రాత కావడానికి కారణం, ఆమే ప్రతి సోమవారం ప్రతి పిల్లనీ చేతిలోకి తీసుకుని చూసి రాయడం.' … ఒకే సిరా అని కదా మీరు పట్టుకున్నారు? రాయి, 'ఒకే సిరా కావడానికి కారణం, మా ఊరి కొట్లో ఒకే రకం సిరా అమ్మడం.' … నవ్వు రావడం లేదా? ఆ రోజు సభలో అందరికీ వచ్చింది.

… మీ అన్న పేరా? రాయక్కర్లేదు. ఎక్కడా రాయకు. … మీ అన్న గౌరవం కోసం కాదయ్యా నేనిదంతా చేస్తున్నది! నా పేరు రాయి. 'ఆ పుస్తకాలు హెస్టర్ మావర్‌వి. అవి నిజం.' … సంతకం. … ముర్యెల్ చేత చేయించు. … తపాలా బండి మీ గేటుకి ఎప్పుడొస్తుంది? … ఇప్పుడేనా? అదృష్టవంతుడివి. వెళ్ళు, నీ చేత్తో ఇచ్చిరా. ముర్యెల్‌ని ఫోన్ పట్టుకోమను.

… ముర్యెల్? … ఆ, కిటికీలోంచి చూస్తూ ఉండు. … ఇచ్చాడా? … బండి కదిలిందా? … మలుపు తిరిగిందా? … సరే. చేతులు కడుక్కో అమ్మా. సబ్బుతో. … ఫోన్ ఆయనకివ్వు.

… రా, సిరిల్. రొప్పుతున్నావు. … లారీనా? లారీ దేనికి?

… ఏ కోళ్ళు?

… ఉన్నాయని కాదు, వెనక షెడ్డులో ఉంచానని చెప్పాను. ఇరవై ఎనిమిది. అక్టోబరు నుంచి ఇరవై ఎనిమిది ఆదివారాలు వచ్చాయి. లెక్క సరిపోయింది.

… అర్థం కాలేదా? మొదటి ఆదివారం అనుకున్నాను, సిరిల్ ఫోన్ చేస్తాడు. వదినా, తప్పయిందంటాడు. ఒక్క మాట. ఒంటిగంట దాకా ఈ కుర్చీలోనే కూర్చున్నా. చెయ్యలేదు. వెళ్ళి ఒకటి కోశాను. మళ్ళీ ఆదివారం కూర్చున్నా… ఊరంతా రేషన్ మాంసం ముక్క కోసం వరసలో నిలబడుతుంటే, నేను మాత్రం వారం వారం మంచి జాతి కోడి. కొంత నేను తిన్నా. కొంత కుక్క తింది.

… ఈస్టరుకి ఆఖరి పుంజు. ఆ రోజైతే రెండింటిదాకా చూశాను. పండగ కదా, మనసు మెత్తబడుతుందేమోనని. … నిన్న ఆఖరి పెట్ట.

… అవును. నిన్న. నువ్వు నిన్న ఫోన్ చేసి ఉంటే ఒక పెట్ట మిగిలేది. ఈస్టరుకి ముందు చేసి ఉంటే జంట మిగిలేది.

… తిట్టు. తిట్టు, పర్వాలేదు. … ఊఁ. … అది కూడా అను. … అయిందా?

… పిచ్చిదాన్నే. మీ ఇంటికి కోడలై వచ్చినదాన్ని.

… ఏమిటీ? … గుడ్లా?

… చురుకైనవాడివే. నేననుకోలేదు నీకు తడుతుందని. … అవును. ఈస్టరు దాకా పుంజు ఉంది. అది పోయాక కూడా రెండు వారాలు పెట్ట పెట్టే గుడ్లలో జీవం ఉంటుంది. … పెట్టింది. మొన్న శనివారం దాకా పెట్టింది. … ఆరు. నా ముందే ఉన్నాయి, బల్ల మీద, నీలం గిన్నెలో. చల్లగానే ఉంచాను. మిషన్లో పెడితే లేస్తాయి.

… లే, నేల మీంచి లే. ముర్యెల్ చూస్తోంది. … ఆరు గుడ్లలో ఒక పుంజు, ఒక పెట్ట వచ్చినా చాలు, తెలుసు నాకు. మీ అన్న మూడింటితో మొదలుపెట్టాడు.

… ఇస్తానో లేదో తర్వాత. ముందు ఒకటి అడుగుతాను.

విచారణ రోజు నువ్వు లేచి నా మీద చెప్పావు. సరే, నువ్వు నువ్వే. తర్వాత మీ అన్న ఆంబ్రోస్‌ని అడిగారు. నేను మూడో వరసలో కూర్చున్నా, గోధుమరంగు టోపీ పెట్టుకుని. ఆయన నా వైపు చూడకుండా అన్నాడు, 'రాతకోతలన్నీ మా ఆవిడే చూసేది, నాకేమీ తెలియదు' అని. ఇంటికొచ్చి టీ అడిగాడు. ఇచ్చాను. మూడు నెలల తర్వాత పోయాడు. ఆ మూడు నెలల్లో ఆ మాట ఆయన ఎత్తలేదు, నేను ఎత్తలేదు.

నాకు తెలియాల్సింది ఒక్కటే. ఆ మాట ఆయన నోటికి అప్పుడు భయంతో వచ్చిందా? లేక మీరిద్దరూ ముందే కూర్చుని అనుకున్నారా?

… గుర్తులేదా?

విన్నావా ఆ చప్పుడు? గిన్నె అంచుకి కొట్టాను. మంచి పచ్చసొన. అయిదున్నాయి.

… 'అన్నయ్య మంచివాడు' కాదు నేనడిగింది.

నాలుగు.

… చచ్చినవాడి గురించి మాట్లాడకూడదా? నేను బతికే ఉన్నా కదా, నా గురించి పత్రికలో వెయ్యొచ్చా? … భయంతోనే అన్నాడంటావా. … నాకు సంతోషంగా ఉంటుందని అంటున్నావా, నిజమని అంటున్నావా? … గొంతు వణికింది సిరిల్.

మూడు.

… ఆపమనకు. జవాబు చెప్పు. … లేదు, గుడ్లిస్తానని నేను ప్రమాణం చెయ్యను. … ముర్యెల్ ఏదో అంటోంది. ఏమంటోంది? … 'చెప్పెయ్యండి' అంటోందా? అయితే దానికీ తెలుసన్నమాట. మీ ఇంట్లో అందరికీ తెలుసు.

రెండు.

… ఆ. … ఆ, వింటున్నా. … అనుకున్నారు. ముందే. … ఎప్పుడు? … విచారణకి ముందు శుక్రవారం. … ఎక్కడ? … సారాకొట్లో. మూల బల్ల దగ్గర.

… ఎవరు ముందు అన్నది?

… సిరిల్, ఎవరు ముందు అన్నది?

… ఆయనే.

… ఏమన్నాడు? … అలా కాదు. ఆయన ఎలా అన్నాడో అలాగే చెప్పు. మాట మార్చకుండా.

… 'సంఘం వాళ్ళు ఎవరో ఒకరి పేరు చెడగొట్టక మానరు, హెస్టర్ మీద వేసేద్దాం. ఇంట్లో ఉండే ఆడమనిషి, దానికి పేరెందుకు.'

… అంతేనా? ఇంకేమన్నా అన్నాడా? … నవ్వాడా? … నువ్వు? … నువ్వూ నవ్వావు. … తర్వాత ఇంకో గ్లాసు తెప్పించాడు.

… ఊఁ.

… లేదు, ఏడవడం లేదు. గిన్నెలో పచ్చసొనలు చూస్తున్నా. … ముప్పై వేల పిల్లలు సిరిల్. ఒక్కొక్కదాన్నీ ఈ చేతుల్లోకి తీసుకున్నా. రంగు చూసి ఏది నిజమో, ఏది తేడానో క్షణంలో చెప్పేదాన్ని. ఎదురుగా కూర్చుని టీ తాగే మనిషిని…

… ఏమిటి? … రెండు గుడ్లా? … ఆ, ఉన్నాయి. … నిజం చెప్పావు, నిజమే. మొదటిసారి. … ముర్యెల్ సైకిల్ మీద వస్తుందా? దూదిలో పెట్టుకుని తీసుకెళ్తుందా? … రెండింట్లో ఒకటి పుంజు, ఒకటి పెట్ట కావచ్చు. కావచ్చు. ఎవరు చూడొచ్చారు.

… ఇస్తానని నేనెప్పుడన్నాను సిరిల్?

అది ఒకటి.

… ఎందుకంటే, నువ్వు లేపినా అది ఆంబ్రోస్ మావర్ జాతే. మా ఊళ్ళో సమాధి రాయి మీద ఆ పేరు చెక్కి ఉంది. అది చాలు ఆయనకి.

… అరవకు. వినబడదు నీకు. జాగ్రత్తగా విను.

ఇది రెండోది.

… ఉంటాను మరి. రేపు వచ్చేవాళ్ళకి టీ ఇవ్వు.